మెట్ల మీద వందనం

మొన్న ఆదివారం మా గుడికి కొత్తగా వచ్చిన కుర్ర అయ్యగారు, క్రైస్తవుడన్నవాడు రాజీ పడకూడదని గంటసేపు దంచి కొట్టాడు. మైకు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్యలో "నో కాంప్రమైజ్" అని అరుస్తూ, మమ్మల్నందర్నీ కూడా అనమన్నాడు. జనం అన్నారు. నేను అనలేదు. ప్లాస్టిక్ కుర్చీలో మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఆ అబ్బాయి మొహంలోకే చూస్తూ, నాయనా, నీకింకా పెళ్ళి కాలేదు, నీ పెళ్ళానికింకా తోడికోడలు రాలేదు, గోడకి అటొకరూ ఇటొకరూ కాపరం చేశాక రా, అప్పుడు మాట్లాడుకుందాం అనుకున్నాను. లోకంతో రాజీ పడొద్దన్నది ఆయన ఉద్దేశం, ఆ మాత్రం నాకూ తెలుసు. కానీ లోకం అంటే ఎక్కడో ఉంటుందా ఏమిటి? మాకు లోకమంటే మా పెద్దమ్మే. గోడకవతలే ఉండేది.

ఉయ్యూరు పక్కన మా ఊరు. డెబ్బైల నాటి మాట. పంచదార ఫ్యాక్టరీ ఆడే నెలల్లో ఊరంతా చెరుకు మడ్డి వాసన. ఇంట్లో చేపల పులుసు కాగుతున్నా, గుడిలో ప్రార్థన జరుగుతున్నా ముందు ఆ వాసనే ముక్కుకి తగిలేది. మా తాతయ్య కట్టిన పెంకుటిల్లుని పంపకాల్లో నిలువుగా చీల్చకుండా అడ్డంగా చీల్చారు. వీధివైపు సగం మా నాన్నకి, కాలవవైపు సగం పెదనాన్నకి. ఆ పంపకం చేసిన పెద్దమనుషులెవరో గానీ వాళ్ళకి ఆడవాళ్ళతో ఎప్పుడూ పని పడినట్టు లేదు. నీళ్ళకి, గుడ్డలుతుక్కోవడానికి మేము కాలవ రేవుకి పోవాలి, అది వాళ్ళ పెరట్లో ఉంది. బజారుకి, గుడికి వాళ్ళు వీధిలోకి రావాలి, అది మా అరుగు ముందు ఉంది. మధ్య గోడకి ఒక్కటే తలుపు. ఆ తలుపు తీసి ఉంటే ఇద్దరికీ సుఖమే. కానీ నేను పుట్టిన నెలలోనే దానికి మేకులు కొట్టేశారు. దాంతో మేము బిందెలు చంకనెత్తుకుని సందంతా చుట్టి రేవుకి వెళ్ళేవాళ్ళం. వాళ్ళు కట్ట మీద నుంచి బురదలో కాళ్ళీడ్చుకుంటూ చుట్టి గుడికి వచ్చేవాళ్ళు.

మేకులు కొట్టింది మా అమ్మే. అమ్మ పుట్టింటివాళ్ళు ఆర్సీఎం వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు. పటాలూ బొమ్మలూ కూడదనే ప్రొటెస్టెంటు గుడి మాది. కాపరానికొస్తూ ట్రంకు పెట్టెలో చీరల మధ్య మరియమ్మ తల్లి పటం తెచ్చుకుని, వంటింటి గుమ్మం పక్కన తగిలించుకుంది. పెళ్ళయ్యాక మా గుడికే వచ్చేది, మా పాటలే పాడేది, ఆ పటం ఒక్కటే తనకంటూ ఉంచుకుంది. మా పెద్దమ్మకి అది కంట్లో నలుసు. వాళ్ళమ్మ ఊళ్ళమ్మట తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఆ రోషమంతా ఈవిడకొచ్చింది, ఆవిడ ఓర్పు మాత్రం రాలేదు. పిల్లల్లేరు. మా అక్కని ఎత్తుకుని, నీళ్ళు పోసి, గోరుముద్దలు పెట్టి పెంచింది పెద్దమ్మే. నేను పుట్టేటప్పుడు కాన్పు కష్టమై అమ్మ బెజవాడ ఆసుపత్రిలో ఉండిపోయింది. అదే అదను చూసుకుని పెద్దమ్మ ఆ పటం తీసి కాలవలో పారేసింది. నన్నెత్తుకుని ఇంటికొచ్చిన అమ్మకి గోడకి ఖాళీ మేకు కనపడింది. పటమేదని అడిగితే, "కాలవలో వేశాను. బొమ్మలకి దణ్ణాలు పెట్టే ఇంట్లో నా పిల్ల పెరగదు," అందిట. పటం పోయినందుకు ఎంత మండిందో, "నా పిల్ల" అన్నందుకూ అంతే మండింది అమ్మకి. పచ్చి బాలింత, నన్ను నాన్న చేతిలో పడేసి, సుత్తి కనపడకపోతే రోట్లో పొత్రం తీసుకుని, ఆ తలుపుకి మేకులు దిగేసింది. ఊరంతా వినపడిందిట ఆ చప్పుడు.

అప్పట్నించీ మాటల్లేవు. మాటల్లేవంటే అసలు లేవు. కానీ మా పాత అయ్యగారు గట్టి పిండం. పగ పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గరకొస్తే గిన్నె ఇవ్వనని, నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం ఆదివారం లోపలికొచ్చేముందు మెట్ల మీదే సమాధానపడి రావాలని ఇద్దరికీ తేల్చి చెప్పాడు. సంస్కారం మానేస్తే ఊళ్ళో తలెత్తుకోలేరు ఇద్దరూ. అందుకని నెలకొక్కసారి, గుడి మెట్ల మీద, చిన్నది కాబట్టి ముందు మా అమ్మ, "వందనాలక్కా," అనేది. పెద్దమ్మ, "ఆఁ, వందనాలు," అనేది. ఆ అనడం ఎలా అంటే, అమ్మ ఆ మాట గంట స్తంభానికి చెప్పేది, పెద్దమ్మ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి చెప్పేది. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటే ఒట్టు. చెప్పేసి చెరో బెంచీ ఎక్కి, అదే గిన్నెలోంచి తాగి, అదే పాట పాడి, మెట్లు దిగగానే మళ్ళీ మామూలే. నాకు ఊహ తెలిశాక ఇది చూస్తే ఒళ్ళు మండిపోయేది. ఇంత దొంగ వందనం దేవుడికెందుకే అని అమ్మని అడిగాను కూడా. "దేవుడికి కాదే, నాకు. నెలకోసారైనా దాని మొహాన ఒక మంచి మాట అనకపోతే, నిద్రలో లేచెళ్ళి ఏం చేస్తానో నాకే తెలీదు," అంది మా అమ్మ, బియ్యంలో రాళ్ళేరుకుంటూ.

మా అక్కకి సంబంధం వచ్చింది. ఇబ్రహీంపట్నంలో అప్పుడప్పుడే కడుతున్న థర్మల్ స్టేషన్లో పని ఆ అబ్బాయికి. నెమ్మదస్తుడు, అక్కకి తెగ నచ్చాడు. అక్క ఎవరినీ నచ్చాడని అనే మనిషి కాదు. ఆ అబ్బాయి వచ్చి వెళ్ళిన రోజు సాయంత్రం జడలో పువ్వులు తియ్యకుండానే అన్నం తింది, దాంతో మాకర్థమైంది. వచ్చిన చిక్కల్లా వాళ్ళు ఆర్సీఎం వాళ్ళు. పెళ్ళి వాళ్ళ గుడిలో అనీ, తపస్సు కాలం మొదలయ్యేలోపే అయిపోవాలనీ అన్నారు. ఈస్టరుకి ముందొచ్చే ఆ నలభై రోజులూ వాళ్ళలో పెళ్ళిళ్ళు చెయ్యరు. మా నాన్న సరేనన్నాడు. ఇంక రెండు గుళ్ళలోనూ వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికి ఫలానా అబ్బాయికి పెళ్ళి నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరముంటే లేచి చెప్పండి అని. మా గుడిలో ఎవరూ ఎప్పుడూ లేచిన పాపాన పోలేదు. మొదటి ఆదివారం చదివిన తర్వాత, స్త్రీల కూడికలో పదిమందీ వింటుండగా మా పెద్దమ్మ మోకాళ్ళ మీదే ఉండి, "ప్రభువా, మూడో ఆదివారం నేను లేచి నిలబడతాను, నీకు మాటిస్తున్నాను," అని ఏడుస్తూ ప్రార్థన చేసింది. ఆ వార్త కూడిక ముగిసేలోపే మా ఇంటికొచ్చింది.

ఆవిడ లేస్తే అయ్యగారు విచారణ పెట్టాలి. విచారణ తేలేలోపు తపస్సు కాలం వచ్చేస్తుంది. అంతకంటే ముందు, నిండు గుడిలో పిల్ల పెద్దమ్మే లేచి అడ్డం చెప్పిందని తెలిస్తే ఆ అబ్బాయి తరఫువాళ్ళు మళ్ళీ మా గడప తొక్కుతారా? మా నాన్నా పెదనాన్నా మాత్రం మహా స్నేహంగా ఉండేవారు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు కత్తులు నూరుతుంటే, వీళ్ళిద్దరూ ఫ్యాక్టరీ గేటు దగ్గర టీకొట్లో పక్కపక్కన కూర్చుని సాసర్లో పోసుకుని తాగేవారు. "మీ వదినకి నువ్వు చెప్పు" అని పెదనాన్నా, "నీ పెళ్ళానికి నువ్వు చెప్పు" అని నాన్నా అనుకుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఇళ్ళకొచ్చేవారు. ఇద్దరు మగవాళ్ళు కలిసి ఇంత పనికిమాలినవాళ్ళుగా ఉండటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

చివరికి రెండో ఆదివారం ప్రకటన కూడా అయ్యాక అక్కే కట్ట మీద నుంచి చుట్టి వెళ్ళి, పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, నీకేం కావాలో చెప్పమని అడిగింది. పెద్దమ్మ ముందు వాక్యమంతా చెప్పింది, విగ్రహాల సంగతంతా చెప్పింది, తరవాత అక్క జడ చేతిలోకి తీసుకుని, "నీకు నలుగు నా పెరట్లో పెట్టాలి. మంగళస్నానం నా చేత్తో, నా రేవు నీళ్ళతో చేయించాలి. వాళ్ళ గుళ్ళో మన పాటలు పాడాలి. అప్పుడు ఆలోచిస్తాను," అంది. అక్క ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెప్పింది. అమ్మ చేతిలో కొయ్య గరిటె విసిరికొట్టింది. "నా మరియమ్మ తల్లి పటం ముంచిన నీళ్ళే అవి. ఆ నీళ్ళు తోడి నా కూతురి నెత్తిన పోస్తుందా? పెళ్ళి ఆగిపోతే ఆగిపోనీ," అంది.  అక్క విరిగిన గరిటె ముక్కలేరి, పొయ్యి దగ్గర పెట్టి, వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ రెండో ఆదివారం నుంచి మూడో ఆదివారం దాకా మా ఇంట్లో అన్నాలు ఎవరు వండారో, ఎవరు తిన్నారో నాకు గుర్తు లేదు. కాలవవైపు నుంచి మాత్రం పెద్దమ్మ పాట రోజూ వినపడేది, మామూలు కంటే రెండింతలు గట్టిగా.

మూడో ఆదివారం సంస్కారం ఆదివారం కూడా. రెండో గంట కొట్టారు. లోపల పాట మొదలెట్టే మనిషి కూడా కిటికీలోంచి మెట్ల వైపే చూస్తున్నాడు. పెద్దమ్మ తెల్లచీర కొంగు తలమీద కప్పుకుని, బురద కాళ్ళు మెట్టుకి రాసుకుని నిలబడింది. వందనం అమ్మే ముందు చెప్పాలి. అమ్మ నోరు విప్పలేదు. అమ్మ మొహం చూస్తుంటే ఆ రోజు గిన్నె లేకుండానే పోతుంది గానీ ఆ మాట రాదనిపించింది. అక్క కింద మెట్టు మీద నిలబడి ఉంది, చెప్పుల వంక చూసుకుంటూ. అమ్మ ఒకసారి వెనక్కి తిరిగి అక్కని చూసింది. చూసి, మళ్ళీ ఇటు తిరిగి, పుట్టి బుద్ధెరిగి నేను చూడని పని, పెద్దమ్మ కళ్ళల్లోకి చూసింది.

"నలుగు నీ పెరట్లోనే పెట్టుకో. మేకులు కూడా నువ్వే పీకించుకో. నేను పీకను."

"మన పాటలు మూడు," అంది పెద్దమ్మ.

"ఒకటి."

"రెండు."

"రెండు. కానీ నీ గొంతు తగ్గించి పాడాలి. ఇంకో మాట. పటం సంగతి నేను మర్చిపోలేదు, మర్చిపోను."

"నిన్ను మర్చిపొమ్మని నేనడిగానా?" అంది పెద్దమ్మ. అంతే. క్షమించమని ఆవిడ అడగలేదు, క్షమించానని ఈవిడ అనలేదు. చేపల బజార్లో బేరం కుదిరినట్టు కుదిరింది. "వందనాలక్కా." "ఆఁ, వందనాలు." లోపలికి పోయారు.

హమ్మయ్య అనుకున్నాం. అయ్యగారు ప్రకటన చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే అనేసరికి, ముందు బెంచీ కిర్రుమంది. మా పెద్దమ్మ లేచి నిలబడింది. మా అమ్మ ఎంత కచ్చగా చూసిందంటే ఆ చూపుకే గుడి పెంకులు రాలాలి. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగబడ్డాయి. అయ్యగారి మొహం పాలిపోయింది. "ఏమ్మా, అభ్యంతరం ఏమన్నా ఉందా?" అన్నాడు మెల్లగా. పెద్దమ్మ కొంగు సర్దుకుంది. "లేచి నిలబడతానని దేవుడికి మాటిచ్చానండీ. మాట్లాడతానని ఇవ్వలేదు. మీరు కానివ్వండి," అంది. ఆయన కానిచ్చినంతసేపూ అలాగే నిలబడి, ఆమెన్ అన్నాక కూర్చుంది. తన వైపు నించి దేవుడితో కూడా బేరం చేసుకుని వచ్చింది మహాతల్లి. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మగవాళ్ళ వైపుకి పాకింది. అయ్యగారు దగ్గినట్టు నటించాడు గానీ ఆయనకీ ఆగలేదు.

నలుగు రోజు పొద్దున్నే మేకులు పీకడానికి పెదనాన్న వచ్చాడు. అవి తుప్పు పట్టి కర్రలో కలిసిపోయి ఓ పట్టాన రాలేదు. పెద్దమ్మ పెరట్లో పీట వేసి, సున్నిపిండి రాసి, అక్కకి నీళ్ళు పోస్తుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. ఆ పెరట్లో అడుగు పెట్టలేదు, గుమ్మం దగ్గర్నుంచి పోనూ లేదు. పెద్దమ్మ ఏడుస్తూ, తిడుతూ, నలుగు పెట్టింది. పిండి మెత్తగా లేదని మమ్మల్ని తిట్టింది, నీళ్ళు చల్లగా ఉన్నాయని ఎవరినో తిట్టింది. పెళ్ళిలో వాళ్ళ ఫాదర్ గారు పూజ చేస్తుంటే అందరూ మోకరించినా ఈవిడ మాత్రం రాటలాగా నిటారుగా నిలబడింది. రెండు పాటలూ గొంతు తగ్గించకుండానే పాడింది. ఆ సంగతి అమ్మ బతికున్నన్నాళ్ళూ ఎత్తిపొడిచింది. పెళ్ళయ్యాక ఆ తలుపుకి మళ్ళీ మేకులు పడలేదు. గడియలు పడ్డాయి, ఇటొకటి, అటొకటి. బిందె తీసుకుని నేను తలుపు కొడితే పెద్దమ్మ గొణుక్కుంటూ తీసేది. నాకు ఆవిడంటే ఇప్పటికీ ఇష్టం లేదు. ఆ పటం మా అమ్మమ్మ ఇచ్చింది. అలాంటిది మళ్ళీ దొరకలేదు, అమ్మ ఇంకోటి కొనుక్కోలేదు.

పెద్దమ్మ ముందు పోయింది. ఆ తర్వాత వచ్చిన సంస్కారం ఆదివారం, రెండో గంట కొట్టేసినా అమ్మ మెట్ల మీదే నిలబడిపోయింది. జనం లోపలికి పోతున్నారు. చెయ్యి పట్టుకుని పదమ్మా అన్నాను. గంట స్తంభం వైపు చూస్తూ, "ఎవరికి చెప్పి లోపలికెళ్ళనే?" అంది.  తరవాత తనే, ఎదురుగా ఎవరూ లేని మెట్టు వైపు చూసి, పెదాల మీదే ఆ మాట అనుకుని, లోపలికి నడిచింది. ఆ కుర్ర అయ్యగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో నాకు తెలీదు. వాళ్ళిద్దరి ఏళ్ళన్నీ పగకే పోయాయి, ఒక్కటీ వెనక్కి రాదు. మా అమ్మ వెతుక్కున్నది మాత్రం నెలకొక్కసారి మెట్ల మీద గడిచిన ఆ ఒక్క నిమిషాన్నే.