ఓడ బిళ్ల మీది గీత

ఈ మాట ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామంటే ఎవరి ముందు? మా ఆవిడకు చెబితే ఎప్పుడో ఒకప్పుడు దెప్పుతుందని అనుమానం. స్నేహితులకు చెబితే వెనక నవ్వుకుంటారని అనుమానం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెబుతున్నాను.

తాడేపల్లిగూడెంలో నాది ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం. పైన మంచి సరుకు కనిపిస్తే బస్తా అడుగు చూడందే నమ్మను. కొట్టు కట్టేసినా ఆ బుద్ధి నన్ను వదలదు. పాత నాణేలు పోగుచేస్తాను. వాటిలో కెనడా ఓడ బిళ్లలంటే మరీ పిచ్చి. పూర్వం అక్కడ చిల్లర దొరక్క జనం వాడుకున్న రాగి బిళ్లలవి. ఒక వైపు తెరచాపల ఓడ ఉంటుంది. అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ, బిళ్ల కొట్టే అచ్చు మారినప్పుడల్లా జెండా వాలు, ఓడ కింద నీటి గీతలు కాస్త మారతాయి. భూతద్దం పెట్టి ఏ బిళ్ల ఏ అచ్చుదో పోల్చుకోవడమే నా సరదా. ఏలూరు దాకా నాణేల వాళ్ల మధ్య ఈ విషయంలో నా మాటకు తిరుగులేదు.

ఒకరోజు వట్లూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. జేబురుమాలు విప్పి ఓడ బిళ్ల చూపించారు. ఆయన తల్లిగారి నాన్న కొల్లేట్లో పడవ నడిపేవారట. కెనడా నుంచి వచ్చిన మిషన్ దొరసానిని గాలివానలో లంకకు చేర్చి, డబ్బులు వద్దన్నారట. ఆమె తన దేశం గుర్తుగా ఇది ఇచ్చిందట.

"ఇది ఏ అచ్చుదో చెబుతారాండీ? మా అమ్మ రోజూ ప్రార్థనప్పుడు దీన్ని చేతిలో పట్టుకుంటాదండి."

ఇన్ని 'అట'లు వినేసరికి నాకు బస్తా అడుగు గుర్తొచ్చింది. ఫోన్లో ఫోటో తీసుకుని, భూతద్దం పెట్టి చూశాను. ఓడ మీదుగా సన్నటి గీత, పైకి ఉబ్బి ఉంది. నా దగ్గరున్న ఏ ఫోటోలోనూ అలాంటిది లేదు. తెలియదని అనొచ్చు కదా? నోరు రాలేదు.

"ఇది పోత పోసిన నకిలీ అండి. ఆ గీత మూస అతుకు. మీ తాతగారు ఏ తీర్థంలోనో కొనుక్కుని, ఆ కథ చెప్పుంటారు."

"అంతేనంటారా అండీ? మరి అమ్మకి ఎలా చెప్పాలో," అని ఆయన రుమాలు మడిచారు.

కొంతకాలానికి విదేశం నుంచి పోస్టులో ఓ బిళ్ల తెప్పించుకున్నాను. అదే చోట, అదే గీత. మాస్టారి బిళ్లకు నేను తీసుకున్న ఫోటో పక్కన పెట్టి చూసి చల్లబడిపోయాను. అచ్చు పగిలితే ఆ పగులులోకి రాగి ఎక్కి, బిళ్ల మీద గీతగా లేస్తుంది. పగిలాక ఆ అచ్చుతో కొట్టిన ప్రతి బిళ్ల మీదా కనిపిస్తుంది. ఇది నాకు తెలియని సంగతా? నలుగురికి నేర్పినవాణ్ణి!

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చేయలేదు. పేరు పోతుందనా? అదొక్కటే అయితే బాగుండేది. నాకు అప్పటిదాకా దొరకని బిళ్ల ఒక పడవవాడి ఇంట్లో ఉండటం నాకు నచ్చలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

అప్పట్నుంచి అన్నీ అనుమానాలే. క్రిస్మస్‌కి మాస్టారు కేకు పంపితే, తెలిసి పంపారా, తెలియక పంపారా? ఏలూరు బజార్లో నవ్వుతూ పలకరిస్తే ఆ నవ్వెందుకు? వాట్సాప్ గ్రూపులో ఎవరో ఓడ బిళ్లల గురించి అడిగితే, మాస్టారే అడిగించారనుకున్నాను. ఆయనకు అలాంటి బుద్ధి లేదు. ఉన్నదంతా నాకే.

నిరుడు ఆయన తల్లిగారు పోయారు. పరామర్శకు వెళ్లాను.

"అమ్మ పోయేదాకా వాళ్ల నాన్న కోసం ప్రార్థన చేసేదండి. అబద్ధం ఆడాడు, క్షమించు ప్రభువా అని," అన్నారు మాస్టారు, నాకు కాఫీ అందిస్తూ. తాగాను. అప్పుడూ చెప్పలేదు.

ఆ పడవాయన అబద్ధం ఆడలేదు. ఆడింది నేను. మాస్టారికి చెబుతానో లేదో, నా మీద నాకే నమ్మకం లేదు. మీతో అయితే చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది. ఆ ముసలావిడకు మాత్రం ఇది వినపడదు.