బరువు గాల్లో ఉండగా

మా బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది, అక్క వంటగదిలో మేమిద్దరం ఇంగ్లీషుతో కుస్తీ పట్టిన రోజులు.

బావ రేవులో క్రేన్ కింద నిలబడి సైగలిచ్చే మనిషి. పైన అద్దాల గదిలో కూర్చున్న డ్రైవరుకు కింద ఏముందో సరిగ్గా కనపడదు. వైర్‌లెస్‌లో బావ చెప్పింది విని ఇనప పెట్టెలు ఎత్తుతాడు, దించుతాడు. కొత్త డ్రైవర్లు వేరే దేశాల నుంచి వచ్చారు. ఇకమీదట మాటలన్నీ ఇంగ్లీషులోనే అన్నారు. నోటి పరీక్ష నెగ్గితే పాత పని ఉంటుంది, లేకపోతే తాళ్ల గోదాములో కూర్చోవాలి. అలా మూలన పడి ఉండటం బావకు ప్రాణం మీదికొచ్చినంత పని.

నేను బడి పంతులమ్మను కాబట్టి పాఠం నా నెత్తిన పడింది. జరిగినవీ జరుగుతున్నవీ ఇంగ్లీషులో చెప్పడం బావ ఇట్టే పట్టేశాడు. జరగబోయేవాటి దగ్గరే చిక్కొచ్చింది. ‘ఐ విల్ ఈట్’, ‘ఐ విల్ స్లీప్’ గడగడా అనేవాడు. ‘ఐ విల్ లిఫ్ట్ ది బాక్స్’ అనమంటే మాత్రం నోరు పెగిలేది కాదు.

“తిండికీ నిద్రకీ వచ్చిన ఇంగ్లీషు పనికి మాత్రం రాదేం?” అని అక్క దెప్పింది.

బావ నవ్వలేదు. రేవులో వాళ్లకో కట్టుబాటు ఉందట. బరువు గాల్లో ఉన్నంతసేపూ చేయబోయేది నోట రాకూడదు. అయిపోయిందీ, కళ్లెదుట ఉన్నదీ మాత్రమే చెప్పాలి. ఒకసారి ఆయనతో జోడీగా పనిచేసేవాడు, ఇంకా తగిలించని కొక్కేన్ని “తగిలించేస్తాను” అన్నాడు. ఆ ధీమాతో డ్రైవరు ముందే ఎత్తేశాడు. పెట్టె ఒరిగి అతని కాళ్ల మీద పడింది. జోడీ మళ్లీ నడవలేదు.

“ఇది ఉత్త వాక్యమే కదా బావా,” అన్నాను.

“నీకు వాక్యం, పంతులమ్మా. నాకు కింద మనుషులుంటారు.”

పరీక్ష నాడు అక్క నన్ను తోడు పంపింది. గది తలుపు ఓరగా తీసి ఉంటే వరండాలోంచి చూస్తున్నాను. పరీక్ష పెట్టే పెద్దమనిషి ఒక బొమ్మ ముందుకు తోశాడు. క్రేన్‌కు పెట్టె వేలాడుతోంది, కింద ఇద్దరు కూలీలు. ఇప్పుడు నువ్వేం చేస్తావో చెప్పమన్నాడు.

బావ బొమ్మనే చూస్తున్నాడు. పెద్దమనిషి మళ్లీ అడిగాడు. బావ కుడిచేయి మెల్లగా లేచి, ‘ఆగు’ అన్నట్టు అడ్డంగా నిలిచింది. సైగలొద్దు, మాటలు కావాలన్నాడాయన. గడియారం చూసుకుని కలం మూత తీశాడు. అనేయి బావా, అనేయి అని లోలోపల వేడుకుంటున్నాను.

బావ బొమ్మను అందుకుని బోర్లా పెట్టాడు. ఖాళీగా ఉన్న దాని వెనక వైపు చూస్తూ, “ఐ విల్ స్టాప్ ది క్రేన్. ఐ విల్ మూవ్ ది మెన్. ఐ విల్ లోయర్ ది బాక్స్,” అన్నాడు, ఒక్కొక్కటీ బరువు దించినట్టు.

పెద్దమనిషి తలెత్తి చూశాడు. బొమ్మ ఎందుకు తిప్పావని అడగలేదు. కాగితం మీద ఏదో గీకి, సంతకం చేసి, రేపటి నుంచి పాత చోటికే వెళ్లమన్నాడు.

బయటికొచ్చాక చూస్తే బావ చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. నేను పట్టరాని సంతోషంతో ఏదో వాగుతున్నాను. ఆయన వినడం లేదు. వరండా చివరిదాకా వచ్చి ఆగాడు.

“నేను అనేటప్పుడు బొమ్మలో ఆ ఇద్దరూ పక్కకు తప్పుకుని ఉంటారంటావా?” అని అడిగాడు.

తప్పుకున్నారు బావా అన్నాను. అప్పుడు కదిలాడు.