నవమి నాటి లారీలు

నాగేంద్రమ్మ పిన్నిగారికి ఉద్యోగమంటూ ఏమీ లేదు. పొద్దున్నే మొగుడికి తిథి చెప్పడమే ఆవిడ పని. ఆ ఒక్క మాట మీద తిరువూరులో ఓ మామిడి దుకాణం నడిచిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. నేను పక్కింటి కోడల్ని కాబట్టి నాకు తెలుసు.

ఆయన పేరు వెంకటప్పయ్య. దశరథరామయ్యగారి మామిడికాయల కమీషన్ దుకాణంలో గుమస్తా. విస్సన్నపేట, రెడ్డిగూడెం, ఎ.కొండూరు తోటల కాయ ఆ దుకాణానికి చేరి, అక్కణ్ణుంచి లారీల్లో నాగపూర్ పోయేది. మర్నాటికి ఎన్ని లారీలు కావాలో అక్కడ దుకాణం తరఫున ఉండే తెలుగు ఏజెంటు అంకారావు రోజూ టెలిగ్రాం కొట్టేవాడు. ఇక మన టెలిగ్రాం ఆఫీసు సంగతి చెప్పేదేముంది! పోటీ దుకాణాల మనుషులు అక్కడే బెంచీ మీద కాపురం పెట్టారు. మనకెన్ని లారీలు కావాలో మనకంటే ముందు వాళ్లకి తెలిసిపోయేది. మనవాళ్లు తోటకి వెళ్లేసరికి కాయ వాళ్ల బుట్టల్లో ఉండేది.

దశరథరామయ్యగారు మొదట ఓ పెద్ద ఏర్పాటే చేశారు. టెలిగ్రాంలో ప్రతి మాటకీ బదులు ఓ దొంగమాట. అదంతా విప్పుకునేసరికి మధ్యాహ్నం దాటేది, ఈలోపు కాయ మెత్తబడేది.

"అన్ని మాటలూ దాచడం ఎందుకండీ? అంకె ఒక్కటి దాస్తే చాలు," అన్నాడు వెంకటప్పయ్యగారు.

అంకారావుతో కూడబలుక్కున్నాడు. ఆ రోజు తిథి ఎన్నోదైతే అన్ని లారీలు కలిపి చెప్పాలి. పంచమి అయితే ఐదు ఎక్కువ. ఇక్కడ ఈయన ఆ ఐదూ తీసేసి అసలు లెక్క చెప్పేవాడు. ప్రతి ఉగాదికీ ఒకే రకం పంచాంగాలు రెండు కొని, ఒకటి నాగపూర్ పంపేవాడు. బెంచీ మీద వాళ్లకి చిక్కేది దొంగ అంకె. దుకాణం లోపల మాత్రం అందరూ అసలు అంకెతోనే హాయిగా పని చేసుకునేవాళ్లు. అక్కడ అంకె మూయడం అంకారావు పని, ఇక్కడ తెరవడం ఈయన ఒక్కడి పని.

కిటుకేంటో యజమానికి కూడా చెప్పలేదు. పెళ్లానికి మాత్రం చెప్పాడు. "ఎవరి దగ్గరా నోరు జారకు. మనకి పిల్లల్లేరు, సెంటు పొలం లేదు. ఉంటున్న ఇల్లు కూడా దుకాణం వాళ్లదే. ఇది మన దగ్గరున్నన్నాళ్లే మనల్ని ఉండనిస్తారు," అన్నాడట.

డెబ్బై నాలుగు వైశాఖంలో ఓ రోజు పొద్దున ఆయన మొహం కడుక్కుని అరుగు మీద కూర్చుని, "ఇవాళ తిథేంటే?" అని అడిగాడు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. "చూసి చెప్తానుండండి," అంది పిన్నిగారు. పాలు దించి, పంచాంగం చూసుకుని బయటికొచ్చేసరికి ఆయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

నేను పరిగెత్తుకెళ్లేసరికి ఆవిడ పంచాంగంలో వేలు పెట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్లారు, అప్పుడూ ఏడవలేదు. నాకు భయమేసింది.

ఆ సాయంత్రమే దుకాణం నుంచి కబురు. మైల ఇంటికి రాకూడదని యజమాని రాలేదు. ఆ పట్టింపు లేని లోడింగు మేస్త్రీ యోసేపుని పంపాడు. యజమానికి మైల అడ్డొచ్చింది గానీ సిగ్గు అడ్డురాలేదు.

"అమ్మగారూ, అడగడానికి నాకు నోరు రావట్లేదండి. అయ్యగారు పంపారు. గుమస్తాగారు దీన్నెలా చూసేవారో మీకేమైనా తెలుసా అండి?" అంటూ యోసేపు టెలిగ్రాం అరుగు మీద పెట్టాడు.

పిన్నిగారు దాన్ని చూసింది. ఇరవై మూడు. "పద్నాలుగు," అని లోపలికెళ్లిపోయింది.

అప్పట్నుంచి రోజూ అంతే. పెడితే తినేది, పడుకోమంటే పడుకునేది. మాట్లాడితే వినేదో లేదో తెలిసేది కాదు. కానీ యోసేపు కాగితం పెట్టగానే అంకె చెప్పేది, తడుముకునేది కాదు. పోనీలే, ఇల్లయినా నిలబడుతుంది అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున యజమానే వచ్చాడు. గుమ్మం దాకా రాకుండా వీధిలోనే నిలబడి కేకేశాడు.

"నాగేంద్రమ్మా! మొదటి రోజు సరిగ్గానే చెప్పావు. తర్వాత ఓ లారీ ఎక్కువ, మర్నాడు రెండు, ఆ మర్నాడు మూడు. అంకారావు ట్రంకాల్ చేసి తిడుతున్నాడు. కాయ రోడ్డు మీద పారబోస్తున్నారట. తెలియకపోతే తెలియదని చెప్పకూడదూ?"

నాకు ఒళ్లు మండింది. "ఆవిడ ఏ స్థితిలో ఉందో చూస్తున్నారా మీరు?" అన్నాను.

పిన్నిగారు గుమ్మంలోకి వచ్చింది. "అమ్మాయ్, ఇవాళ తిథేంటో చూడు," అంది నాతో.

చూశాను. "త్రయోదశి, పిన్నిగారూ."

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. నవమి, దశమి, ఏకాదశి, ద్వాదశి. తర్వాత యజమానికేసి తిరిగింది.

"తిథి తీసెయ్యాలండి. అంతే. నేను రోజూ నవమే తీశాను."

చెప్పకూడని మాట వీధిలోకి చెప్పేసింది.

"రోజూ నవమేంటమ్మా?" అన్నాడు యజమాని.

"ఆయన అడిగిన రోజు నవమండి. చూసి చెప్తానన్నాను. చెప్పలేదు."

దశరథరామయ్యగారు వెనక్కి తిరిగాడు. "సర్లేమ్మా. ఇంటి సంగతి పెద్దకర్మ అయ్యాక మాట్లాడుకుందాం," అని వెళ్లిపోయాడు. దారిలోనే పంచాంగం కొన్నాడని యోసేపు తర్వాత చెప్పాడు.

మర్నాడు పిన్నిగారు తెల్లవారకముందే లేచి, పంచాంగం ఒళ్లో పెట్టుకుని గుమ్మం లోపల కూర్చుంది. సాయంత్రం దాకా యోసేపు రాలేదు. నేను అన్నం తీసుకెళ్తే పళ్లెం వంక చూడలేదు.

"ఇవాళ చతుర్దశి," అంది. "ఎవరూ అడగలేదే అమ్మాయ్."

అప్పుడు ఏడ్చింది.