వంటిల్లు ఏ రాష్ట్రంలో?

ఒడిశాలోని ఛత్రపూర్‌లో పాత గ్రామ పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆఫీసులో నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవారు. మౌస్ నొక్కే ముందు ప్రతిసారీ ఊపిరి బిగబట్టేవారు. లేకపోతే గీత కదిలిపోతుందని ఆయన భయం.

ఒకరోజు సరిహద్దు ఊరు గిరిసోల పటాన్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచాం. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు గీత సరిగ్గా ఆయన అత్తగారి వంటింటి మీదుగా పోయింది. ఆయన ఊపిరి బిగబట్టారు గాని, నొక్కలేకపోయారు. కంగారులో సంగతి ఆవిడకి ఫోన్ చేసి చెప్పేశారు.

మర్నాడు కొలతల పరికరం పట్టుకుని మేమిద్దరం వెళ్లేసరికి, వీధిలోని ఆడవాళ్లంతా ఆ వంటింట్లోనే ఉన్నారు.

"సూడండర్రా, పొయ్యి ఆంధ్రాలో, పీట ఒడిశాలో. ఇలాటి ఇల్లు ఇంకెవులికుంది?" అని అత్తగారు గర్వంగా చూపిస్తోంది.

ఆయన మూలమూలకీ పరికరం పెట్టి, ఊపిరి బిగబట్టి కొలిచారు. పాత పటం కాగితం సాగిపోవడంతో గీత పక్కకి జరిగిందని తేలింది.

"ఇల్లంతా ఒడిశాలోనే ఉంది అత్తయ్యా," అన్నారు మెల్లగా.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

"ఈ మాట రేపు సెప్తే ఏటి పోయేది బాబూ?" అంది ఆవిడ.

మధ్యాహ్నం భోజనంలో నాకు చేపల పులుసు వడ్డించింది. అల్లుడికి చారు పోసింది.