రాతి రెప్పల మీద జేగురు

“..........” అన్నాడు సోమాచారి బాబాయ్, షెడ్డు గుమ్మంలో నిలబడి.

“ఆఁ, అట్టాగే బాబాయ్” అన్నాను నేను, తల ఎత్తకుండా.

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ఆయన మాట ఉండాల్సిన చోట చుక్కలు పెట్టమని మా చెల్లెలి కూతురు మౌనికతో చెప్పాను. “అదేంది పెద్దమ్మా, ఆయనేమన్నాడో చెప్పు, రాస్తాను” అంది. తెలిస్తే చెప్పనా? అప్పుడు నా చేతిలో ఫోను ఉంది. అందులో ఒకామె కోడిగుడ్ల మీద నడుస్తోంది, పగులుతాయా పగలవా అని చూస్తున్నాను. పగల్లేదు. అది ఇప్పటికీ గుర్తుంది. బాబాయ్ అన్న మాటే నా చెవి దాకా వచ్చి లోపలికి పోలేదు.

ఈ రోజు పొద్దున పక్కింట్లో బండలు కోస్తున్నారు. మిషను కింద నీళ్ళు పోస్తుంటే తడిసిన రాతిపొడి వాసన గోడ దాటి వచ్చింది. నాలుక మీద గీరుకున్నట్టుండే వాసన అది. ఏడేళ్ళు ఆ వాసనలోనే బతికాను. తోముతున్న గిన్నె అక్కడే వదిలేసి మౌనికను కేకేశాను. నాకు నా సంతకం, బస్సు బోర్డు మీద మాచర్ల అన్న పేరు తప్ప చదువు రాదు. నేను చెబుతున్నాను, అది రాస్తోంది.

బాబాయ్ నాకు చుట్టం కాదు. దుర్గిలో రాతిపని నేర్చుకుని, మా ఊళ్ళో మాచర్ల రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న శిల్పి. వినాయకుళ్ళు, నందులు, నాగప్రతిమలు చెక్కేవాడు. మా ఆయన కామెర్లతో పోయాక మిరపకోతలకు వెళ్ళేదాన్ని. మోకాళ్ళు పట్టేసి అదీ కుదరనప్పుడు ఆయనే పిలిచి విగ్రహాలు నున్నగా రుద్దే పనిలో పెట్టాడు. మొదటి రోజు నేను ఒంగి ఒంగి చూస్తూ రుద్దుతుంటే నెత్తిన మొట్టినంత పని చేశాడు. “ఏమే నాగేంద్రం, రాతిని చూత్తావేంది? కన్ను మాయ చేత్తది. కళ్ళు మూసుకో. గరుకు యాడుందో నీ వేలే చెబుద్ది” అన్నాడు. కళ్ళు మూసుకుని నందీశ్వరుడి మూపురం తడిమాను. నిజమే, కంటికి కనపడని గరుకు వేలికి తగిలింది. ఎందుకూ పనికిరానిదాన్నని అనుకుంటున్న రోజులవి. నా వేళ్ళకు ఏదో తెలుసునని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

ఆ వేళ్ళనే తర్వాత ఫోనుకు ఇచ్చేశాను. దానికి అక్షరాలు అక్కర్లేదు. బ్యాంకులో, ఆస్పత్రిలో, రేషను కొట్టులో అందరూ నన్ను చదువు అడిగారు. ఫోను అడగలేదు. బొటనవేలు ఉంటే చాలంది. ఒక బొమ్మ నెడితే ఇంకొకటి వచ్చేది. మా ఆయన లేని ఇల్లు కాసేపు కనపడకుండా పోయేది. ఆ కాసేపే పెరిగి, అన్నం తినేటప్పుడూ, రాతి మీద నీళ్ళు పోసి ఆరేలోగానూ, ఎదుటి మనిషి మాట్లాడుతుండగానూ ఫోనే అయిపోయింది. బాబాయ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయన చూశాడు. శిల్పి చూపు వేరు, కొలత తీసుకుంటున్నట్టు ఉంటుంది.

ఒకసారి సగం చెక్కిన వినాయకుడిలో పగులు బయటపడింది. పగిలిన రాయి దేవుడికి పనికిరాదు. బయట పారేయించే బాబాయ్, ఈసారి ఉంచమన్నాడు. “దేవుడికి పనికిరాదు గానీ మడిసికి పనికొత్తది” అన్నాడు. దాంతో మా ఎదుటి టీకొట్టు బల్ల చెక్కాడు. బల్ల మీద నలుగురు, నలుగురి మెడలూ కొక్కేల్లా వంగి ఉన్నాయి, ఒక్కో అరచేతిలో ఫోనంత పలక. పగులు నలుగురి మధ్య నుంచీ పోయింది. తర్వాత ఏ రాయి పగిలినా అదే పని. పీటల మీద ఫోను చూసుకుంటున్న పెళ్ళికూతురు, ఒక చేత్తో బిడ్డను, ఇంకో చేత్తో ఫోనును పట్టుకున్న తల్లి. వాటిని రోడ్డు వైపు వరసగా నిలబెట్టాడు. జనం బళ్ళు ఆపి వచ్చేవాళ్ళు. “ఓరి నాయనో, ఇది అచ్చం మా బావేరా!” “నీ పెళ్ళాం గదంటరా ఆ మూలది!” అని నవ్వుకుని, బొమ్మల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుని, ఆ ఫోటోలు చూసుకుంటూ వెళ్ళిపోయేవాళ్ళు. బాబాయ్ బీడీ ఆర్పి, “చూశావటే, అందరికీ పక్కోడే కనపడతన్నాడు” అన్నాడు. నేనూ పకపకా నవ్వాను.

ఆ బొమ్మలు వేటికీ కళ్ళు ఉండేవి కావు. రెప్పల చోటు నున్నగా ఉబ్బెత్తుగా వదిలేసేవాడు. దేవుడి విగ్రహానికైతే అన్నీ అయ్యాక, ఆఖర్న, స్నానం చేసి వచ్చి కళ్ళు తెరుస్తాడు. ముందు జేగురు మట్టితో ఎర్రగా గీత గీసుకుని, ఆ గీత మీద సన్న ఉలి పెడతాడు. “వీళ్ళకు తెరవవేంది బాబాయ్?” అని అడిగాను. “చూపు ఎటుందో తెలిత్తే గదే కన్ను చెక్కేది! వీళ్ళు యాడ చూత్తన్నారో నాకు తెలవదు” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన నవ్వలేదు.

చివరిది, ఒళ్ళో ఫోను పట్టుకుని మఠం వేసుకుని కూర్చున్న ఆడమనిషి బొమ్మ. రుద్దమని నా ముందు పెట్టాడు. ఆయన నేర్పినట్టే కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. భుజం, మెడ, చెంప. చెవి దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తమ్మె రెండుగా చీలి ఉంది. చిన్నప్పుడు జాతరలో ఎవరో కమ్మ లాగితే తెగిన చెవి నాది. రెండో చేత్తో నా చెవి పట్టుకుని చూసుకున్నాను. రాతిదీ నాదీ ఒక్కటే.

“ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వాలనా? నీకు నేనే దొరికానా?” అని అరిచాను.

“నవ్వేదానికి గాదే. రోజూ నా ఎదురుగా కూసుంటివి. ‘ఏమే’ అంటే ‘ఆఁ’ అంటివి. ఆ ఆఁ ఎనక మడిసి లేదు. యాడికి పోయిందో ఎతుకుతా చెక్కాను” అన్నాడు.

ఎత్తిపొడుపు అనుకున్నాను. నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పని చేసినంతసేపు చేసి, తక్కినంతసేపూ పౌరుషానికి ఆయన కళ్ళ ముందే ఫోను చూశాను. ఐదో రోజు పొద్దున ఆయన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఏదో అన్నాడు. చిన్న మాట కాదు, కాసేపు మాట్లాడినట్టే గుర్తు. నేను ఆఁ అన్నాను. మాచర్ల బస్టాండు బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. మధ్యాహ్నానికి ఆటోలో తీసుకొచ్చారు.

పదకొండో రోజు అయ్యాక షెడ్డు ఊడవడానికి వెళ్ళి ఆ బొమ్మ మీది గోనెపట్టా తీశాను. రెండు రెప్పల మీదా ఎర్రగా జేగురు గీతలున్నాయి. మరి ఏ మనిషి బొమ్మకూ పెట్టని గీతలు నా బొమ్మకు పెట్టాడు. అవి కింద ఫోను వైపు వాలినవి కావు. ఎదురుగా, ఆయన కూర్చునే పీట వైపు తిరిగి ఉన్నాయి. పక్కన సన్న ఉలి సానపట్టి ఉంది. సాయంత్రం వచ్చి కళ్ళు తెరుస్తాను, ఫోను పక్కన పెట్టి నా వైపు చూస్తూ కూర్చోవే అన్నాడా? నా మీద కోపం పోయిందా అని అడిగాడా? వచ్చేటప్పుడు ఏం తెమ్మంటావు అన్నాడా? ఎన్ని మాటలు పెట్టి చూసినా ఒక్కటీ ఆ గుమ్మంలో ఇమడటం లేదు. దేనికైనా నా జవాబు ఆఁ అనే.

ఆయన కొడుకు షెడ్డు తీసేస్తూ ఏం కావాలన్నా తీసుకోమన్నాడు. ఆ బొమ్మను అడిగి తెచ్చుకున్నాను. మా వసారాలో ఉంది. జేగురు తడిస్తే పోతుందని దాని మొహానికి నీళ్ళు తగలనివ్వను. దుమ్ము కూడా ఊదుతాను, తుడవను. ఫోను మానేశానంటే అబద్ధం. మానలేదు. ఎవరైనా మాట్లాడితే మాత్రం దాన్ని బోర్లా పెట్టి, “ఏందీ, మళ్ళీ చెప్పు” అంటాను. నాకు చెవుడొచ్చిందని వీధిలో చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ. ఎవరి మాట ఆఖరిదో వాళ్ళకు మాత్రం ఏం తెలుసు?

అంతేనమ్మా మౌనికా. ఇప్పుడు మొదటి నుంచి చదివి వినిపించు. నా ఫోను బియ్యం డబ్బాలో వేసి వచ్చాను. నీదీ అక్కడ పెట్టి రా. ఆ చుక్కలున్నాయి చూడు, వాటిని గబగబా దాటిపోకు. బాబాయ్ ఎంతసేపు నిలబడ్డాడో అంతసేపూ అక్కడ ఆగు. నేను వింటాను.