కార్డులో మా అత్త పేరు

నా పేరు ఇక్కడ రాయను. ఆ పేరును రాసినవాళ్ళూ కొట్టేసినవాళ్ళూ ఇప్పటికే చాలామంది ఉన్నారు. మా అత్త పేరూ అదే అని తెలిస్తే చాలు.

మాది కుప్పం అవతల ఒక పల్లె. తమిళనాడులో సూళగిరి దాటి, హైవే దిగి లోపలికి వచ్చే ఈ ఊరికి నన్ను ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో నా పేరు వినగానే మా అత్త తల అడ్డంగా ఊపింది. అత్త పేరే కోడలికీ ఉంటే, కోడల్ని పేరు పెట్టి తిట్టిన ప్రతి తిట్టూ అత్తకు తగులుతుందని వీళ్ళ లెక్క. అంటే తిట్టడం ఖాయమని ముందే అనుకున్నారన్నమాట! పెళ్ళినాడే నాకు ఇంకో పేరు పెట్టేశారు. నన్నెవరూ అడగలేదు. ఇరవై రెండేళ్ళు మోసిన పేరును చెప్పుల్లాగా గడప బయట విడిచి లోపలికి వచ్చాను. మా ఆయన అప్పట్లో ఒక్కనాడు కూడా నన్ను ఆ పేరుతో పిలవలేదు. వాళ్ళమ్మ పేరుతో పెళ్ళాన్ని పిలవడానికి అతనికి నోరు రాదు.

ఇంట్లో ఎలా పిలిచినా, ఆఫీసులకు మాత్రం ఆధార్‌లో ఉన్న పేరే కావాలి. ముందు పుట్టింటి కార్డులోంచి పేరు తీయించుకోవాలి, ఆ కాగితం తెచ్చి ఇక్కడి రేషన్ కార్డులో ఎక్కించుకోవాలి. అక్కడ సచివాలయంలో తీసేశాక మా అమ్మ ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, బీరువాలో చీరల కింద పెట్టబోయింది. అది నాకే కావాలని చెప్పి తీసుకుని బస్సెక్కాను.

నిజానికి నన్ను తొందరపెట్టింది మా అత్తే. ఆమెకు గుండెలో వాల్వు చెడిపోయింది. హొసూరులో ఒక ఆసుపత్రి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చింది. సర్కారు బీమా కింద చేస్తారు, దానికి కార్డులో పేరుండాలి. ఆమె పేరు ఎప్పటినుంచో ఉంది. సొంతంగా చేయించుకునే స్తోమత మాకు లేదు. తేదీకి ఇంకా నెలన్నర ఉండగా ఒకరోజు చింతపండు గింజలు తీస్తూ ఆమె నాతో అంది.

"నేను ఆస్పత్రికి పోయే లోపల నీ పేరు ఎక్కించుకోమ్మా. మళ్ళా నన్ను చూసుకునేదాంట్లో పడి మీరు తిరగలేరు."

ఆ మాటలో ప్రేమ ఉందని నాకు అప్పుడు తట్టలేదు. పని పురమాయిస్తోందనుకున్నాను.

ఆ సోమవారమే ఆన్‌లైన్ అంగడికి పోయాం. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన మా కార్డు నంబరు కొట్టి, ఎక్కించాల్సిన పేరేమిటని అరవంలో అడిగాడు. మా ఆయన చెప్పలేదు. నా ఆధార్‌ను ముందుకు తోసి, పేరు మీద వేలు పెట్టాడు. ఆయన చూసి, ఈ పేరు కార్డులో ఉంది కదా, ఇదేనా అన్నాడు. మా ఆయన తల ఊపాడు. ఇదే పేరు అని అతని ఉద్దేశం. అట్లయితే ఆధార్ నంబరూ వయసూ మారిస్తే చాలు అన్నాడాయన. మా ఆయన దానికీ తల ఊపాడు. ఒకరు మా అమ్మ, ఒకరు నా పెళ్ళాం, ఇద్దరిదీ ఒకే పేరు అని ఒక్క ముక్క చెప్పి ఉంటే పోయేది. సిగ్గు! ఏం సిగ్గో, ఏం మర్యాదో, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేనేమన్నా తక్కువ తిన్నానా? వెనకాల నిలబడి తెర మీద నా పేరు ఒక్కసారే ఉండడం చూశాను. ఇద్దరం ఉండాలి కదా అని మనసులో అనుకున్నాను కూడా. నాకు అరవం రాదు, పెళ్ళై రెండు నెలలైనా కాలేదు, కొత్త కోడలు నలుగురిలో నోరు తెరిస్తే బాగుండదని పెదవి కరుచుకుని ఊరుకున్నాను. బయటికొచ్చి ఇద్దరం చెరకు రసం తాగి ఇంటికి వచ్చాం. కొన్నాళ్ళకు మార్పు అయిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆఫీసులో ఎవరు చూసి సరే అన్నారో, చూడకుండానే అన్నారో తెలియదు. మేమూ తెరిచి చూడలేదు.

ఆపరేషన్ తేదీ వచ్చింది. అత్త కంచం, గ్లాసు, రెండు చీరలు సంచిలో సర్దుకుంది. ఆసుపత్రి కౌంటర్లో అమ్మాయి కార్డు నంబరు కొట్టి, ఇరవై రెండేళ్ళామె ఎక్కడ అని అడిగింది. మా ఆయన అత్తను చూపించాడు. ఆ అమ్మాయి తెరను మావైపు తిప్పింది. అక్కడ కొడుకు ఉన్నాడు, కోడలు ఉంది. అమ్మ లేదు. కార్డు సరి చేయించుకుని రండి, ఇంకో తేదీ ఇస్తాం అంది.

అత్త ఇనుప కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని అంతా వింటూ ఉంది. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడినా బాగుండేది. నా మొహం చూసి మెల్లగా అడిగింది.

"నిన్ను ఎక్కించేదానికి నన్ను తీసేసినారామ్మా?"

ఆమె ఒళ్ళోంచి సంచి అందుకున్నాను.

ఆ తర్వాత కాళ్ళరిగేలా తిరిగాం. ఊరి అధికారి ఉత్తరం ఇచ్చాడు. తాలూకా ఆఫీసులో ఆ ఉత్తరం చాలదన్నారు, మనిషినే తీసుకురమ్మన్నారు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే మనిషిని బస్సులో కూర్చోబెట్టి తీసుకుపోయాం. ఆమె వేలిముద్ర మిషన్‌లో పడలేదు. అన్నేళ్ళు చింతపండు ఒలిచిన వేళ్ళు, గీతలన్నీ అరిగిపోయాయి. పది వేళ్ళూ పెట్టించారు, తడి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టించారు. చివరికి కన్ను చూసి గుర్తుపట్టే మిషన్ వచ్చే వారం వస్తుంది, అప్పుడు రమ్మన్నారు. ఎదురుగా బతికి కూర్చున్న మనిషిని పెట్టుకుని! మూడోసారి పోయినప్పుడు కన్ను పట్టింది. ఇక పైనుంచి సరే అనడమే మిగిలిందన్నారు.

వాళ్ళు సరే అనే లోపల మా అత్త పోయింది. పొద్దున్నే ఆవుకు కుడితి పెట్టడానికి వంగి, లేవలేదు.

పదకొండో రోజు దినాలకు వచ్చినవాళ్ళు భోజనాలు చేస్తుంటే మా ఆయన ఫోన్ మోగింది. కార్డు సరి అయిందని మెసేజ్. ఈసారి తెరిచి చూశాం. నా పేరు రెండుసార్లు ఉంది. మా అత్త తిరిగి వచ్చింది.

ఇక ఆ పేరు తీయించాలి కదా! చనిపోయినట్టు కాగితం పట్టుకుని మళ్ళీ అదే అంగడి. చనిపోయినవాళ్ళ పేరేమిటన్నాడాయన. మా ఆయన నేల చూశాడు. నేను ముందుకు జరిగి, వచ్చిన నాలుగు అరవం ముక్కల్లో గట్టిగా చెప్పాను. ఇద్దరిదీ ఒకే పేరు, అరవై ఏళ్ళ ఆమె పోయింది, ఇరవై రెండేళ్ళ దాన్ని నేను, తీయాల్సింది ఆమెను, నన్ను కాదు. అంతా సాఫీగా జరిగింది. చూశారా, చెబితే ఎంతసేపటి పని! అదే ఇంతకుముందు చెప్పి ఉంటే అని తలుచుకుని, అంగడి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

ఇప్పుడు కార్డులో ఆ పేరు ఒక్కసారే ఉంది. అత్త లేదు కాబట్టి ఇక అసలు పేరుతో పిలుచుకోవచ్చని చుట్టాలు చెప్పిపోయారు. ఒక సాయంత్రం మా ఆయన పశువుల పాకలోంచి ఆ పేరుతోనే కేక వేశాడు, మొట్టమొదటిసారి. నేను పలకలేదు. అత్త మంచం వైపు చూశాను, ఆమె పలుకుతుందని. రెండోసారి పిలిచాక గాని నన్నేనని తెలియలేదు.

పాకలోకి పోయి చెప్పాను.

"ఆ పేరు పెట్టి నన్ను పిలవొద్దు. కార్డులో ఉండాది కదా, చాలు."