వెండి కొంగల పొగాకు పెట్టె

నవ్వితే నవ్వండి. నా బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నా చెబుతాను... ఇది నాకే జరిగింది. ఇన్నాళ్లూ దాచింది భయంతో కాదు. సిగ్గుతో.

సింగపూర్‌లో ఇళ్ల సామాన్లు మార్చే లారీ మీద పని నాది. ఆరోజు చోవా చూ కాంగ్‌లో ఒక కొరియా ముసలమ్మ ఫ్లాట్ ఖాళీ చేస్తున్నాం. ఆమె కొడుకు దగ్గరికి వెళ్లిపోతోంది. చివర్లో నా చేతిలో ఒక పాత ఇనుప పెట్టె పెట్టింది. అరచేతిలో పట్టేంత. నల్లటి మూత మీద వెండి తీగతో పొదిగిన రెండు కొంగలు.

"మై హస్బెండ్... డెడ్ ఆల్రెడీ. హిజ్ టొబాకో బాక్స్. కేర్‌ఫుల్ ఆ."

తల ఊపాను. ఊపి, దాన్ని నా సంచిలో వేసుకున్నాను. ఎందుకని అడక్కండి. వెండి మెరిసింది... అంతే.

సాయంత్రం సూపర్‌వైజర్ ఆ పెట్టె గురించి అందరినీ అడిగాడు. "ఐ నెవర్ సీ, సార్," అన్నాను. కళ్లలోకి చూసే అన్నాను.

రాత్రి, క్రాంజీలో మా కూలీల డార్మిటరీ. నాది పై మంచం. పెట్టె ఖాళీదే. అయినా మూత ఊడకుండా ప్లాస్టిక్ టేపు, కిందిది కనిపించే రకం, నాలుగు చుట్లు చుట్టి దిండు పక్కన పెట్టుకున్నాను. అందరూ నిద్రపోయారు. ఫ్యాను చప్పుడు ఒక్కటే...

టక్.

మూత మూసినట్టు.

కింది మంచంలో అప్పారావన్న లేచి కూర్చున్నాడు. శ్రీకాకుళం మనిషి. "ఎవుల్రా పొగాకు ఇప్పినారు?"

నాకూ వాసన వస్తోంది. తడి పొగాకు వాసన.

"ఏం లేదన్నా, పండుకో." పడుకున్నాడు.

ఫోన్ లైటు వేశాను. టేపు చెక్కుచెదరలేదు. కానీ... రెండు కొంగల మధ్య, టేపు కింద, ఒక బొటనవేలి గుర్తు. చల్లటి స్టీలు గ్లాసు మీద వేలు పెట్టి తీస్తే పడుతుందే... అలాంటి తడి గుర్తు. చూస్తుండగానే మెల్లగా ఆరిపోయింది.

టక్.

గుర్తు మళ్లీ పడింది. నా చేతులు రెండూ ఫోన్ మీదే ఉన్నాయి.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట... చెప్పడానికి నోరు రావడం లేదు.

"నేన్ తియ్యలే తాతా. అప్పారావన్న తీసిండు."

చప్పుడు ఆగింది. వాసన పోయింది.

తర్వాత... కింది మంచం నుంచి వచ్చింది. టక్. పెట్టె నా ఎదురుగానే ఉంది. టక్. అప్పారావన్న మూలగడం మొదలుపెట్టాడు. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు మూలుగు. నేను దుప్పటి కప్పుకుని విన్నాను. ఎంతసేపు విన్నానో నాకు తెలుసు... మీకు చెప్పను.

చివరికి, "నేనే! నేనే తీసిన! ఆయనను ఇడ్సిపెట్టు!" అని ఏడ్చాను. మూలుగు ఆగింది.

తెల్లారగానే పెట్టెను సూపర్‌వైజర్‌కు ఇచ్చేశాను. లారీలో దుప్పట్ల కింద దొరికిందన్నాను. ముసలమ్మ ఫోన్ చేయించి నాతో మాట్లాడింది. "యూ గుడ్ మ్యాన్," అంది.

అది ఆ ముసలమ్మ భర్తేనా, నా తప్పే నాకు అలా వినిపించిందా... ఇప్పటికీ తెలియదు. అలాగైతే అప్పారావన్నకు వాసన ఎలా వచ్చింది?

అడుగుదామనుకున్నాను. ఈలోపు ఆ పొద్దునే పనికెళ్లే బస్సులో పక్కన కూర్చుని ఆయనే అడిగాడు.

"రేతిరి నా పేరెత్తినావేటి, తమ్ముడూ?"

"కలొచ్చిందన్నా," అన్నాను.

"పీడకలేటి?" అని నా వీపు నిమిరాడు.